దడవాయి తోమాసు బొటనవేలు

ఒకటి, రెండు, మూడు అని మా బాపు పెదవులు కదిలాయి. బొటనవేలు తీశాడు. పాప పాదం మీద గుంట పడింది, చింతగింజ పట్టేంత. అది పూడుతుందేమోనని బాపు చూశాడు. పక్కన నిలబడ్డ నేనూ చూశాను. పూడలేదు.

పాప పేరు అలేఖ్య. రెండేళ్లు నిండడానికి ఇంకా రెండు నెలలున్నాయి. కాంటా మీద ఎర్ర అంకెలు పద్నాలుగు కిలోల రెండు వందల గ్రాములు చూపిస్తున్నాయి. చర్చి ఆవరణ నిండా జనం చప్పట్లు కొడుతున్నారు. పాప తల్లి వనజ నవ్వుతూ బిడ్డను ఎత్తుకోవడానికి వంగింది. బాపు ఆ పాదం వదల్లేదు.

"జర ఆగు బిడ్డా. అప్పుడే దించకు," అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. ఎందుకు మండిందో తెలియాలంటే మా బాపు ఎలాంటి మనిషో ముందు చెప్పాలి.

మా బాపు తోమాసు జమ్మికుంట పత్తి మార్కెట్లో దడవాయి. రైతు తెచ్చిన సరుకును కాంటా పెట్టి తూకం చెప్పే మనిషిని మా దగ్గర దడవాయి అంటారు. కుర్రతనంలో బస్తాలు మోసే హమాలీగా చేరి, తర్వాత లైసెన్సు తెచ్చుకుని కాంటా దగ్గర నిలబడ్డాడు. ఇప్పుడు అరవై రెండేళ్లు. కరెంటు కాంటాలు వచ్చి అంకె దానంతట అదే పడుతున్నా బాపు పాత పద్ధతి మానలేదు. బస్తాలోకి మోచేతి దాకా చెయ్యి పెట్టి, అడుగు నుంచి పిడికెడు పత్తి తీసి, గట్టిగా పిసికి వదులుతాడు. ఆరిన పత్తి వెంటనే విచ్చుకుంటుంది. మంచుకో వానకో తడిసినది ముద్దగానే ఉండిపోతుంది. "గిది పత్తి బరువు కాదు, నీళ్ల బరువు. ఎండవోసి తే," అని మొహం మీదే చెప్పేస్తాడు. అలా చెప్పినందుకు తిట్టినవాళ్లున్నారు గానీ, తోమాసు తూకం తప్పన్నవాళ్లు మాత్రం నాకు తెలిసి ఒక్కరూ లేరు.

ఇలాంటి మనిషితో ఒకే ఇంట్లో బతకడం అంత సుఖమేమీ కాదు. కూరగాయల బండివాడు మా వాకిట్లో తూచేటప్పుడు చెమటలు తుడుచుకుంటాడు. నా పెళ్లికి మాంసం ఇచ్చిన హనుమండ్లు, "తోమాసన్న ముందట కాంటా వట్టుడంటే పదో తరగతి పరీక్ష రాసినట్టే ఉంటది," అని పందిట్లో అందరికీ చెప్పి నవ్వించాడు.

ప్రతి నవంబరులో మా మెథడిస్టు చర్చిలో కోతపండుగ జరుగుతుంది. గుమ్మడికాయ, సొరకాయ, కోడి, వడ్ల బస్తా, ఎవరింట్లో ఏదుంటే అది తెచ్చి దేవుని ముందు పెడతారు. ప్రార్థన అయ్యాక షామియానా కింద పిల్లల పోటీ. ఏడాదిలోపు పిల్లలకొకటి, రెండేళ్లలోపు పిల్లలకొకటి. ఏ కులమైనా ఏ మతమైనా రావచ్చు. పళ్లూ టీకాల కార్డూ నర్సమ్మ చూస్తుంది గానీ గెలుపు బరువుదే. గెలిచిన పిల్లకు పెద్ద స్టీలు గిన్నె ఇస్తారు. దాని మీద పేరు అక్కడికక్కడే చెక్కిస్తారు.

తూచే పని ముప్పై ఏళ్లుగా బాపుదే. ముందు రెండు కిలోల రాయి పెట్టి కాంటా సరిగ్గా ఉందో లేదో చూసుకుంటాడు. పిల్ల ఒంటి మీది పట్టీలు, మొలతాడు, అన్నీ తీయిస్తాడు. తూకం చెప్పే ముందు ప్రతి పిల్ల రెండు పాదాలూ పట్టుకుని, పైన బొటనవేలు ఆనించి మూడు లెక్కపెడతాడు. అది ఎందుకో ఎవరికీ తెలియదు. ముద్దు చేస్తున్నాడనుకునేవాళ్లం. "తోమాసన్న చంటిపోరల కాళ్లు మొక్కుతుండు," అని తోటివాళ్లు ఆట పట్టించేవాళ్లు. నేనూ నవ్వేదాన్ని.

మా ఇంట్లోనూ అలాంటి గిన్నె ఒకటి ఉంది. 'చి. తిమోతి, మొదటి బహుమతి' అని చెక్కి ఉంటుంది. తిమోతి మా అన్న. నేను పుట్టక ముందే జ్వరం వచ్చి చనిపోయాడని చెప్పారు. ఆ గిన్నె అలమర పైఅరలో ఉండేది. చిన్నప్పుడొకసారి దాన్ని దించి అంబలి పోసుకుంటే మా అవ్వ సంతోషమ్మ నన్ను కొట్టింది. అమ్మను మేం అవ్వ అనే పిలుస్తాం. అవ్వ నన్ను కొట్టడం అదొక్కసారే.

ఇక నా సంగతి. నా పేరు ప్రిస్కిల్లా. నిరుడు ఏడాదిలోపు పిల్లల్లో నా కూతురు బ్లెస్సీకి నూట యాభై గ్రాముల తేడాతో మొదటి బహుమతి తప్పిపోయింది. నేను వెండి పట్టీలతో కూర్చోబెడితే, "పట్టీలు తియ్యుండ్రి," అని మైకులో అన్నాడు బాపు. సొంత కూతురినని కూడా చూడలేదు. ఆ పరువు తక్కువ నేను మరిచిపోలేదు. ఏడాదంతా రాగిజావ, గుడ్డు, పప్పు, నెయ్యి. బ్లెస్సీ వద్దని మూతి తిప్పుకుంటే ఊరంతా తిప్పి తినిపించాను. ఈసారి దాటితే మళ్లీ పోటీకి వయసుండదు. బ్లెస్సీ పన్నెండు కిలోల మూడు వందలు తూగింది. అప్పటికి అందరికంటే ఎక్కువ. గిన్నె మీద పేరు చెక్కే అతను వచ్చి, పేరులో ఒత్తు ఎక్కడ వస్తుందో కూడా అడిగి పోయాడు.

ఆఖరున వనజ వచ్చింది, అలేఖ్యను చంకన వేసుకుని. ఆమె భర్త ఓంప్రకాశ్ మా వీధి చివరి షెడ్డులో మరమగ్గాలు నడుపుతాడు. ఆ రోజు షెడ్డు మానేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని మరీ వచ్చాడు. పాప బుగ్గలు నిండుగా, కళ్లు సన్నగా, చూడగానే ఎత్తుకోవాలనిపించేలా ఉంది. అంకె చూడగానే బ్లెస్సీని చంకనేసుకున్నాను. సరే, ఓడిపోయాను, త్వరగా తేల్చేస్తే ఇంటికి పోతానని చూస్తుంటే, బాపు ఆ పిల్ల కాలు పట్టుకుని కదలడే!

"పోయిన నెల అంగన్‌వాడీల ఎంత తూగింది?" అని వనజను అడిగాడు.

"పదకొండున్నర, కాకా."

"నెలల రెండు కిలోల ఏడు వందలు పెరిగిందా?"

"పదిహేను దినాలసంది మంచిగ ఒళ్లు చేసింది. చూసినోళ్లందరు ముద్దొస్తున్నది అంటుండ్రు."

"పొద్దున లేవంగ కండ్లు ఉబ్బి ఉంటున్నయా?"

"జర ఉంటయి. నిద్ర బాగ వోతది కద."

బాపు గొంతు తగ్గించాడు. "ఒంటికి ఎన్నిసార్లు పోతున్నది?"

వనజ నవ్వు ఆగిపోయింది. "రెండుసార్లు... ఒక్కోనాడు ఒక్కసారే. నీళ్లు తక్కువ తాగుతున్నదనుకున్న."

బాపు రెండో పాదం నొక్కాడు. రెండో గుంట పడింది. లేచి నిలబడ్డాడు.

"అయ్యగారూ, గీ తూకం నేను చెప్ప," అన్నాడు పాస్టరు జాన్సన్‌గారితో. "గిది పిల్ల బరువు కాదు. నీళ్ల బరువు. ఇప్పటికిప్పుడు కరీంనగర్ తీస్కపోవాలె."

చప్పట్లు ఆగిపోయాయి. ఓంప్రకాశ్ జనంలోంచి ముందుకొచ్చాడు.

"ఏం మాట్లాడుతున్నవ్ పెద్దమనిషీ? నీ మన్మరాలు రెండోదైందని నా బిడ్డకు రోగం అంటగడుతున్నవా?"

"అది కాదు ఓంప్రకాశ్..."

"ఏది కాదు? రమ్మని పిలిస్తేనే వచ్చినం. చర్చి మీది, కాంటా మీది, పిల్ల మీది. గెలిచే పిల్ల కూడ మీదే కావాలంటే మమ్ముల ఎందుకు పిలిచిండ్రు?"

వెనక ఎవరో "నిజమే కద," అన్నారు. ఆ మాట బాపు విన్నాడు. ముప్పై ఏళ్లలో ఆయన కాంటా దగ్గర అలాంటి మాట పుట్టలేదు. ఆయన మొహం చూడలేకపోయాను. కానీ నిజం దాచడమెందుకు, ఆ క్షణంలో నా మనసులో ఒక మూల, అయితే బ్లెస్సీయే మొదటిదన్నమాట అని సంతోషం కలిగింది. ఇప్పుడు తలుచుకున్నా సిగ్గేస్తుంది.

పాస్టరుగారు మంచి మనిషే గానీ గొడవంటే ఆయనకు హడలు. "తోమాసన్నా, నర్సమ్మకు డ్యూటీ వడ్డది, సాయంత్రం వస్తనన్నది. ఆమె చూస్తది. ముందైతే బహుమతి ఇచ్చేద్దాం, అందరు చూస్తుండ్రు," అన్నారు.

"బహుమతి ఇస్తే ఇగ దవాఖానకు ఎవ్వలు పోరు అయ్యగారూ. గిన్నె వట్టుకొని ఇంటికి పోయి దావత్ చేసుకుంటరు."

"మేం ఎటు పోతే నీకెందుకు?" అంటూ ఓంప్రకాశ్ బిడ్డను భుజాన వేసుకుని గేటు వైపు నడిచాడు. బాపు అతని కంటే ముందు వెళ్లి గేటుకు అడ్డంగా నిలబడ్డాడు. అరవై రెండేళ్ల మనిషి, రెండు చేతులూ చాపి. ఓంప్రకాశ్ పిడికిలి బిగించడం నేను చూశాను. మగవాళ్లు నలుగురు దగ్గరికి జరిగారు.

బాపు అతన్ని కాకుండా నన్ను చూశాడు. "ప్రిస్కిల్లా, బ్లెస్సీ పేరు కొట్టెయ్యి."

"నేనెందుకు కొట్టేస్తా?"

"నీ పిల్ల పోటీల ఉన్నంతసేపు నా మాట అబద్ధమే బిడ్డా."

నేను కొట్టెయ్యలేదు. తల అడ్డంగా ఊపాను. నా బిడ్డ ఏం తప్పు చేసిందని? నిరుడు పట్టీలు తీయించాడు, ఈసారి పేరే తీయిస్తాడా? ఏడుపొచ్చింది. అప్పుడు ఓంప్రకాశ్ భుజం మీంచి వేలాడుతున్న అలేఖ్య పాదం నా కంటికి తగిలింది. బాపు వేలు పెట్టిన గుంట ఇంకా అలాగే ఉంది. ఇంతసేపు గొడవ జరిగింది, ఇంతమంది అరిచారు, ఆ గుంట మాత్రం పూడలేదు.

పాస్టరుగారి చేతిలోని కాగితం లాక్కుని బ్లెస్సీ పేరు మీద రెండు గీతలు కొట్టాను. "మా పిల్ల పోటీల లేదు. అందరు ఇనుండ్రి, లేదు!" అని అరిచాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"ఇప్పుడు ఇను ఓంప్రకాశ్," అన్నాడు బాపు. చేతులు దించాడు. "ముప్పై ఆరేండ్ల కింద గీ పండుగలనే నా పెద్దకొడుకు తిమోతి మొదటొచ్చిండు. గప్పుడు కొక్కేనికి వేలాడే కాంటా. గంపల నేనే కూసోవెట్టిన. అందరు సప్పట్లు కొట్టిండ్రు. భుజాల మీద ఎక్కించుకొని బజారంత తిప్పిన. కండ్లు ఉబ్బినయి, కాళ్లు ఉబ్బినయి, బలమొచ్చిందని మురిసిన. ఎనిమిదో దినం దవాఖానకు వోతే డాక్టరు గిట్లనే బొటనవేలు వెట్టి చూపిండు. ఇది బలం కాదయ్యా, నీళ్లు, వారం కిందనే తేవాల్సిందన్నడు. పదో దినం పిలగాడు పోయిండు."

ఆడవాళ్ల వరుసలో మా అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"పత్తిల నీళ్లు పట్టెటోన్ని. నా కొడుకు ఒంట్ల నీళ్లు పట్టలే," అన్నాడు బాపు.

అంటే జ్వరం కాదన్నమాట. ముప్పై ఏళ్లుగా ప్రతి పిల్ల పాదం ఎందుకు నొక్కుతున్నాడో, ఆ గిన్నె ముట్టుకుంటే అవ్వ నన్నెందుకు కొట్టిందో, అన్నీ ఆ ఒక్క నిమిషంలో అర్థమయ్యాయి. బాపు మీద కోపంతో ఎన్నిసార్లు ఎన్ని మాటలన్నానో గుర్తొచ్చింది.

వనజ వచ్చి అతని భుజం మీది బిడ్డను తీసుకుంది. నేల మీదే కూర్చుని, పాపను ఒడిలో పెట్టుకుని, తన బొటనవేలితో పాదం నొక్కింది. తీసి చూసింది. మళ్లీ నొక్కి చూసింది.

"నడువు కాకా," అంది.

పాస్టరుగారే నడుపుతుండగా ఆయన కారులో బయలుదేరాం. ఓంప్రకాశ్ ముందు, వెనక వనజ, నేను, బాపు. బ్లెస్సీని అవ్వకు అప్పగించాను. హుజూరాబాద్ దాటాం. అలేఖ్య నిద్రపోయింది. ఊపిరి తీసినప్పుడల్లా ఈల వేసినట్టు సన్నగా చప్పుడు వస్తోంది. ఆ చప్పుడు వచ్చినప్పుడల్లా వనజ ఉలిక్కిపడి పాప మొహం చూస్తోంది. పాప కాలు బాపు చేతిలోనే ఉంది.

ఓంప్రకాశ్ వెనక్కి తిరగకుండానే అడిగాడు. "తోమాసన్నా, డాక్టరు ఏం లేదంటే?"

"ఏం లేకుంటే వచ్చే ఐతారం అందరి ముందట నీ కాళ్లు మొక్కుత. ఇగ కాంటా ముట్ట."

ఆయన అన్నంత పనీ చేస్తాడు. నాకు తెలుసు. నేను కళ్లు మూసుకున్నాను గానీ ఏమని ప్రార్థించాలో తెలియలేదు. పిల్ల బాగుండాలంటే బాపు మాట పోవాలి. బాపు మాట నిలవాలంటే పిల్ల జబ్బుతో ఉండాలి. చివరికి, పిల్ల బాగుండాలి ప్రభువా, మా బాపు కాళ్లు మొక్కినా ఫర్వాలేదు అనుకున్నాను. అనుకుంటూనే ఆ ఈల చప్పుడు వింటున్నాను.

ఆసుపత్రిలో డాక్టరమ్మ పాపను బల్ల మీద పడుకోబెట్టి ముందు చేసిన పని పాదం మీద బొటనవేలు పెట్టడం. ఒకటి, రెండు, మూడు. మేం నలుగురం వంగి చూశాం. గుంట చూడగానే ఆమె కనుబొమలు ముడిపడ్డాయి. మూత్రం పరీక్షకు పంపించింది. పాప ఒంటికి పోవడానికే రెండు గంటలు పట్టింది. వనజ చిన్న సీసా పట్టుకుని బాత్‌రూం దగ్గరే కూర్చుంది. ఆ రెండు గంటలూ బాపు గోడకు ఆనుకుని నిలబడే ఉన్నాడు. ఓంప్రకాశ్ ఒకసారి కుర్చీ తెచ్చి ఆయన పక్కన పెట్టి వెళ్లాడు. బాపు కూర్చోలేదు.

కాగితం వచ్చింది. కిడ్నీల జబ్బు. ఒంట్లోని ప్రొటీనంతా మూత్రంలో పోతోంది, అందుకే నీరు చేరింది.

"ఊపిరితిత్తుల చుట్టూ కూడా నీరు మొదలైంది," అంది డాక్టరమ్మ. "ఇంకో వారం ఆలస్యమైతే చాలా కష్టమయ్యేది. ఇప్పుడైతే మందులకు లొంగే అవకాశం బాగా ఉంది. ఎవరు కనిపెట్టారు?"

"మా దడవాయి," అన్నాడు ఓంప్రకాశ్. అని, గోడ వైపు తిరిగి ఏడ్చాడు.

ఆరు రోజులకు ఇంటికి పంపించారు. ఉప్పు బాగా తగ్గించాలి, రోజూ పొద్దున తూచి రాసిపెట్టాలి, బరువు పెరిగితే వెంటనే తీసుకురావాలి అని చెప్పారు. మరునాటి నుంచి బాపు మార్కెట్‌కు పోయేముందు చర్చి కాంటా సంచిలో పెట్టుకుని వాళ్లింటికి వెళ్లేవాడు. రెండు కిలోల రాయి కూడా మోసుకుపోయేవాడు. ఇంకెందుకు బాపూ ఆ రాయి అంటే, "కాంటా అబద్ధం చెప్పొద్దు కద," అనేవాడు. పదమూడు కిలోల నాలుగు వందలు. పదమూడు. పన్నెండున్నర. అంకె తగ్గుతుంటే ఇల్లంతా సంబరపడే తూకం నేనెప్పుడూ చూడలేదు.

పదో రోజు రెండు వందల గ్రాములు పెరిగింది. బాపు ఇంటికొచ్చి చాయ్ ముట్టలేదు. రాయి పెట్టి కాంటా మూడుసార్లు చూశానని మాత్రం చెప్పాడు. ఓంప్రకాశ్ వెంటనే పాపను కరీంనగర్ తీసుకుపోయాడు. మందు మోతాదు మార్చి పంపారు. మూడు రోజులు అంకె కదల్లేదు. ఆ మూడు రోజులూ మా అవ్వ అలమర వైపు చూడటం నేను గమనించాను. నాలుగో రోజు మళ్లీ దిగింది.

క్రిస్మస్‌కు ముందటి ఆదివారం వనజ, ఓంప్రకాశ్ పాపతో మా ఇంటికి వచ్చారు. అలేఖ్య బుగ్గలు పోయాయి. మెడ సన్నబడింది. పదకొండు కిలోల రెండు వందలు. వాకిట్లో బ్లెస్సీ వెంట పరుగెత్తుతోంది. బాపు ఆ పిల్లను పట్టుకుని అరుగు మీద కూర్చోబెట్టి, పాదం మీద బొటనవేలు ఆనించాడు. ఒకటి, రెండు, మూడు. తీశాడు. చర్మం వెంటనే పైకి లేచింది. పాదం మామూలుగా ఉంది. బాపు రెండో కాలు కూడా చూశాడు. తర్వాత మళ్లీ మొదటి కాలు. పిల్లకు చక్కిలిగింతలై తన్నింది, ఆయన గడ్డానికి తగిలింది.

"కొట్టు బిడ్డా, కొట్టు," అన్నాడు బాపు. కళ్లు తుడుచుకోలేదు.

అవ్వ లోపలికి వెళ్లింది. తిరిగొచ్చినప్పుడు ఆమె చేతిలో తిమోతి గిన్నె ఉంది. అందులో అన్నం, పప్పు మెత్తగా పిసికి తెచ్చింది. "ఉప్పెయ్యలే," అంది వనజతో. అలేఖ్య పక్కన కూర్చుని ముద్దలు కలిపి పెట్టింది. పిల్ల ఉప్పులేని అన్నం గిన్నె అడుగు దాకా తిన్నది.

వాళ్లు వెళ్లాక అవ్వ ఆ గిన్నె కడిగింది. అలమరలో పెట్టలేదు. మిగతా గిన్నెలతో పాటు బుట్టలో బోర్లించింది.